పప్పు ఉడకని నీళ్లలో పొరుగు సరస్సు

కొనకనమిట్ల వైపు బోరు నీళ్లు ఎసట్లో పోస్తే కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. బిందె అడుగున తెల్లటి గార కడుతుంది. ఇక ఫ్లోరైడ్ సంగతి పశ్చిమ ప్రకాశం వాళ్లకు వేరే చెప్పాలా! మనం ఇంతగా తిట్టుకునే ఈ కఠిన జలం లాంటి నీళ్లలోనే, ఆఫ్రికాలో వందల జాతుల చేపలు రంగులు పులుముకుని తిరుగుతున్నాయి. అవే సిక్లిడ్‌లు, వాటిని ఇళ్లలో తొట్టెల్లోనూ పెంచుతారు. మలావీ సరస్సు నీటి పి.హెచ్. 8 చుట్టూ ఉంటుంది, టాంగన్యీకాలో 9 దాకా పోతుంది. డిస్కస్, ఏంజెల్ చేపలు కూడా సిక్లిడ్‌లే అయినా అమెజాన్ బిడ్డలు. వాటికి మెత్తటి నీళ్లు కావాలి. కులం ఒకటైనంత మాత్రాన తొట్టె ఒకటి కాలేదు. ఫ్లోరైడ్ మితిమీరితే చేపకూ చేటే కనుక, పరీక్ష చేయించాకే తొట్టెలో బోరు నీళ్లు పోయాలి.

మలావీ రాళ్ల సందుల్లో ఎంబునా చేపలు రాతిపాచి గీరుకు తింటూ బతుకుతాయి. మార్కాపురం పలకరాయిని ఒకదాని మీద ఒకటి కదలకుండా పేర్చి గుహలు కడితే, వాటికి ఊరు కుదిరినట్టే. పలక నీళ్ల గుణాన్ని చెడగొట్టదు.

అసలు వింత వాటి కయ్యంలో ఉంది. చిన్న తొట్టెలో రెండే మగచేపలుంటే బలమైనది రెండోదాన్ని చచ్చేదాకా తరుముతుంది. పెద్ద తొట్టెలో ఇరవై ఉంటే ఆ కోపం పంచుకుపోయి పలచబడుతుంది. ఇంత జనానికి గట్టి ఫిల్టరు, వారం వారం కొంత నీరు మార్చడం తప్పనిసరి. రంగూ ఒడ్డూ పొడుగూ కలిసిన వాటి మధ్యే పగ ఎక్కువ, కాబట్టి ఒకే పోలిక ఉన్న జాతులను పక్కపక్కన పెట్టరు. కొత్త చేపను వదిలే ముందు రాళ్లన్నీ తీసి మళ్లీ పేరుస్తారు. దాంతో పాత చేపల సరిహద్దులు చెరిగిపోతాయి, అందరూ కొత్తవాళ్లే! ఇంత రభసలోనూ ఆడచేప గుడ్లను నోట్లో దాచుకుని, దాదాపు మూడు వారాలు సరిగా తిండి ముట్టకుండా పిల్లలను పొదుగుతుంది.

వాస్తు పేరుతో మన ఇళ్లలోకొచ్చిన ఫ్లవర్‌హార్న్ మాత్రం ఒంటరి తొట్టెకే తగును. అది మలేషియాలో మనుషులు పుట్టించిన సంకర సిక్లిడ్.

మనకూ సొంత సిక్లిడ్‌లున్నాయి. పులికాట్‌లో దొరికే దువ్వెన చేప అలాంటిదే. దాని చిన్న దాయాది నారింజ క్రోమైడ్ దక్షిణ భారతం, శ్రీలంక ఉప్పుటేళ్లలో దాంతో కలిసి తిరుగుతుంది. అది పెద్ద చేప ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తిని శుభ్రం చేస్తుందని 1972లో పరిశోధకులు రాశారు. కానీ గుడ్లు పెట్టే కాలం వచ్చిందంటే ఆ చిన్నదే పెద్దదాని గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. ఈ రెంటినీ ఒకే తొట్టెలో పెంచదలిస్తే, దువ్వెన చేప జతకట్టగానే చిన్నవాటిని వేరే తొట్టెలోకి మార్చాలి.