ట్యాగ్ రాసే ముందు ఒక్క నిమిషం

మన తాకేటా బడి ఈ-పుస్తకాలన్నీ కాలిబర్‌లో పెడుతున్నాం కదా. పుస్తకం చేర్చినవాళ్లు తమకు తోచినట్టు ట్యాగ్ రాసేస్తున్నారు. మొన్న ఒక పాప "పిల్లల కథలు" అనే ట్యాగ్ నొక్కితే నాలుగే పుస్తకాలు వచ్చాయి. "తెలుగులో ఇంతేనా టీచర్?" అంది. మిగతావన్నీ "పిల్లలకథలు" కింద ఉన్నాయి. మధ్యలో ఖాళీ వదలకపోవడమే కారణం!

ఇంగ్లీషు ట్యాగులకు ఈ సాఫ్ట్‌వేర్ కొంత సాయం చేస్తుంది. ఫిక్షన్ అనే మాటను ఒకరు క్యాపిటల్ ఎఫ్‌తో, ఇంకొకరు అన్నీ స్మాల్ లెటర్లలో రాసినా రెండూ ఒకటే ట్యాగ్‌గా తీసుకుంటుంది. లైబ్రరీ మొత్తానికి ఆ ట్యాగ్ ఒక్కసారే నమోదవుతుంది, పుస్తకాలన్నీ దాన్నే చూపిస్తాయి. అందుకే మీరు ఒక పుస్తకం దగ్గర దాన్ని క్యాపిటల్స్‌లోకి దిద్దితే మిగతా పుస్తకాల్లోనూ మారిపోతుంది. కంగారు పడకండి, ఏదీ పాడవలేదు.

తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా లేదు. బర్మీస్‌లోనూ లేదు. కాబట్టి ఆ సాయం మనకు పనికిరాదు. మన తేడాలు వేరే: ఖాళీ, దీర్ఘం, వాడుక. ఇంట్లో తాతయ్యలు "రంగూన్" అంటారు, పిల్లలు "యాంగోన్" అంటారు. రెండూ ఒకే ఊరని కంప్యూటర్‌కు తెలియదు.

అన్నిటికంటే చిక్కు కంటికి కనపడనిది. తెలుగు వార్తా సైట్లలో "యాంగోన్" లాంటి పొల్లుతో ముగిసే మాటల చివర తరచూ ఒక కనపడని గుర్తు ఉంటుంది. పక్క అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. అక్కడినుంచి కాపీ చేసి అతికిస్తే అదీ వచ్చేస్తుంది. అప్పుడు జాబితాలో అచ్చం ఒకేలా ఉన్న ట్యాగులు రెండు కనిపిస్తాయి. జోజీ ఫాంట్‌తో అవస్థపడ్డవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మయన్మార్ 2019 అక్టోబరులో అధికారికంగా యూనికోడ్‌కు మారకముందు, చూడ్డానికి ఒకటే అయిన బర్మీస్ మాట వెతికితే దొరికేది కాదు.

సరిచేయడం తేలికే. ఎడమవైపు ట్యాగ్ బ్రౌజర్‌లో తప్పు ట్యాగ్ మీద రైట్ క్లిక్ చేసి, పేరు మార్చే ఆప్షన్ ఎంచుకోండి. సరైన పేరును అతికించకుండా చేత్తో టైప్ చేయండి. ఆ పేరుతో ట్యాగ్ ముందే ఉంటే రెండూ కలిసిపోతాయి. ఒక్కో పుస్తకం తెరిచి దిద్దుతూ కూర్చోకండి, ఆదివారమంతా దానికే పోతుంది.

కొత్త పుస్తకం చేర్చేటప్పుడు మొదటి రెండు అక్షరాలు టైప్ చేసి ఆగండి. ఉన్న ట్యాగులు కింద వస్తాయి, అందులోంచే ఎంచుకోండి. ట్యాగుకూ ట్యాగుకూ మధ్య కామా పెట్టాలి. "పిల్లల కథలు" మాత్రం ఇకనుంచి రెండు మాటలుగానే రాద్దాం.