పసుపుపొడికి తగిన సంచి



నవీపేట ప్రాంతమున పసుపు కొమ్ములను అంగడికి తోలుటకంటె, పొడి కొట్టించి చిన్న సంచులలో అమ్మిన మేలని పలువురు యోచించుచున్నారు. యోచన మంచిదే, కాని సంచి తగనిదైనచో సరకును చెడును.

అద్దమువలె కనబడు ప్లాస్టిక్కులన్నియు నొకటి కావు. పాలిథీను మెత్తనిది, చౌక. చెమ్మ నాపును గాని వాసనను నిలుపదు. పాలిప్రొపిలీను అంతకంటె తేటగా మెరయును, నలిపిన గలగలలాడును. ఇదియు వాసనను పూర్తిగా పట్టదు. పాలియెస్టరు వాసనను బాగుగ నిలుపును గాని వేడికి చక్కగా నతుకదు. కావున వెలుపల పాలియెస్టరు, లోపల పాలిథీను కలిపిన పొర శ్రేష్ఠము. ఆహారమునకు తగినదని అమ్మువానిచే వ్రాయించుకొనుడు.

మరియొక సంగతి. పసుపునకు రంగునిచ్చు కుర్కుమిన్ వెలుతురునకు పాలిపోవును. ఒక అంగడిలో ఎండ తగులు సంచులను మేము చూచితిమి. ముందువైపు పొడి వెలవెలబోయెను; వెనుకవైపు నిండు రంగుతో నుండెను. కొన్నవాడు కల్తీయని తలచి తిరిగి యిచ్చెను. నిజమైన పసుపు పండించిన రైతునకు ఆ నింద యేల? సంచికి చిన్న కిటికీ మాత్రము విడిచి తక్కినది మూయింపుడు. లేదా సంచులను అట్టపెట్టెలో నుంచుడు.

పొడిలో చెమ్మ 10 శాతము మించరాదు. లోపలి చెమ్మను ఏ సంచియు తీయజాలదు.

జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదుననే నెలకొన్నది. మన సరకునకు పేరు వచ్చు కాలమిది. మొదట పది సంచులు కట్టించి, ఒక వానకాలము ఇంటనుంచి పరీక్షింపుడు; పిమ్మటనే వేయి కొనుడు.