వేరు కాఫీలో, ఆకు ఇటలీలో

హిందూపురం, పెనుకొండ ఇళ్లలో పొద్దున్నే దిగే ఫిల్టర్ కాఫీలో చాలాసార్లు సికోరీ కలిసి ఉంటుంది. గుజరాత్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండే ఈ మొక్క వేరును తరిగి, ఎండబెట్టి, వేయించి పొడి కొడతారు. కాఫీపొడిలో అది 49 శాతం మించకూడదని నిబంధన. వేరు ఇంతగా అలవాటైనా, ఆకును మాత్రం ధర్మవరం సంతలో అడిగేవాళ్లు లేరు. ఇటలీ వంటింట్లో విలువంతా ఆ ఆకుదే.

వెనిస్ పరిసరాల్లో పండే రాడిక్కియో ఈ సికోరీలోనే ఒక రకం. చూడ్డానికి ఎర్ర క్యాబేజీ అనిపిస్తుంది కానీ క్యాబేజీది ఆవాల కుటుంబం, దీనిది పొద్దుతిరుగుడు కుటుంబం. అక్కడి ట్రెవిసో రైతులు చలికాలంలో మొక్కను వేరుతో పెరికి, ఊటనీళ్లలో వేళ్లు మునిగేలా చీకట్లో ఉంచుతారు. వెలుతురు లేక పత్రహరితం తయారు కాదు. లోపలి నుంచి వచ్చే కొత్త ఆకులు తెల్లటి ఈనెలతో కరకరలాడుతూ, చేదు తగ్గి వస్తాయి. ఒక ఆకుకూర కోసం ఇంత ఓపిక పట్టడం నిజంగా మెచ్చుకోదగ్గది.

చేదుకు కారణం సికోరీ మొక్క పాలలో ఉండే లాక్టుసిన్, లాక్టుకోపిక్రిన్ అనే పదార్థాలు. పురుగుల నుంచి మొక్క తనను కాపాడుకునే మందులవి. మొక్కల విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి కాబట్టి, వాటిని పసిగట్టడానికి మనిషికి దాదాపు 25 రకాల చేదు గ్రాహకాలున్నాయి.

ఉప్పు ఈ చేదును అణుస్తుంది. ఉప్పులోని సోడియం చేదును తగ్గించి, దాని చాటున ఉన్న మిగతా రుచుల్ని పైకి తెస్తుందని పరిశోధకులు బ్రెస్లిన్, బోషాంప్ 1997లో 'నేచర్' పత్రికలో చూపించారు. మెంతాకుకు ఉప్పు రాసి పిండే ఇల్లాలి చేతికి ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు.

దక్షిణ ఇటలీలోని పూలియాలో ఎండు చిక్కుడు జాతి గింజల పప్పును మెత్తగా ఉడికించి, పక్కన ఉడకబెట్టిన సికోరీ ఆకు వేసి, ఆలివ్ నూనె పోసుకుని తింటారు. పెనుకొండలో కందిబేళ్లు, మెంతాకు, చింతపండు కలిపి ఎనిపి, వెల్లుల్లి తిరగవాత పెట్టే పప్పుకు ఇది దగ్గరి చుట్టమే. తేడా పులుపులో ఉంది. చింతపండు వ్యాపారానికి పేరున్న హిందూపురం పక్కనుండగా ఆ పులుపు లేకుండా ఇక్కడ ఆకు ఉడకదు.

రాడిక్కియో కావాలంటే బెంగళూరు పెద్ద దుకాణాల్లో వెతకాలి. ధర ఎక్కువే. సికోరీకి చలి కావాలి, ఎండ ముదిరితే చేదూ ముదురుతుంది. ఇక్కడ పెంచి చూడాలనుకుంటే ధర్మవరం కంటే ఎత్తులో ఉన్న హిందూపురం వైపు, కార్తీకంలో విత్తడం మేలు.

దొరికిన ఆకును సన్నగా తరిగి అరగంట చన్నీళ్లలో ఉంచాలి, చేదు కొంత నీళ్లలోకి దిగుతుంది. ఉడికించి వార్చితే ఇంకా తగ్గుతుంది. దొరక్కపోతే లేత మెంతాకు చాలు: ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి పిండి, వేరుశనగ నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చితో వేయిస్తే సరి. నూనె తప్పిస్తే, రోమ్‌లో సికోరీ ఆకును వండే పద్ధతీ ఇదే.