పొరుగు రంగుల పొత్తు

చిత్రలేఖనము నేర్చుకొను బాలునకు రంగుల పెట్టె చేతికి వచ్చిన మొదటి దినములలో ఒక భ్రాంతి కలుగును. పెట్టెలోని పండ్రెండు బిళ్ళలును పటములోనికి ఎక్కవలెనని అతని కోరిక. ఆకసమునకు నీలము, గడ్డికి ఆకుపచ్చ, పువ్వునకు ఎరుపు: విడివిడిగా ఏది చూచినను బాగే. పటము మాత్రము తిరునాళ్ళలో గాజుల మలారమువలె కన్నులను చెదరగొట్టును. పిల్లవాడు తన చేతిని నిందించుకొనును. ఉపాధ్యాయుడు ఒక్కొక్కప్పుడు రంగుల నాణ్యమును నిందించును. ఇరువురిదియు పొరపాటే కావచ్చును.

ఇట్టి నింద యొకటి పూర్వము పారిస్ నగరములో గొప్ప విచారణకు దారితీసెను. చిత్రపటములవంటి తెరలను నేయు గోబ్లాన్ నేతశాలలో అద్దకమునకు అధ్యక్షుడుగా 1824లో షెవ్రోల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నియమితుడయ్యెను. కొన్ని రంగులకు వన్నె చాలదని ఆయనకు ఫిర్యాదులు వచ్చినవి. ముఖ్యముగా నీలి, ఊదా వస్త్రముల ముడుతలలో నీడలకై వాడిన నల్లని ఉన్ని వెలవెలబోవుచున్నదట! ఇది అద్దకపువారి నేర్పునకే మచ్చ. షెవ్రోల్ అన్యదేశముల నల్లని ఉన్నిని తెప్పించి తమ ఉన్నితో పోల్చి చూచెను. తమ నలుపులో లోపమేమియు కానరాలేదు. దానిని వెలవెలబోవునట్లు చేయుచున్నది ప్రక్కనున్న నీలమే. కన్ను ఒక రంగును చూచునపుడు దానికి ఎదురైన రంగుఛాయను పొరుగుదానిపై తానే ఆరోపించును. నీలమునకు ఎదురు నారింజ. ఆ ఛాయ సోకిన నలుపు తన గాఢతను కోల్పోవును. ఈ విషయమును ఆయన 1839లో ఒక బృహద్గ్రంథముగా వెలువరించెను. చిత్రకారులు దానిని విడువలేదు. 1884–1886 నడుమ గ్రాండ్ జాట్ దీవి పటమును చిత్రించిన స్యూరా, రంగులను పళ్ళెములో కలిపివేయుటకు మారుగా చుక్కలు చుక్కలుగా ప్రక్కప్రక్కన నిలిపెను.

తరగతిలో దీనిని పరీక్షించుటకు వ్యయమేమియు లేదు. ఒకే బూడిదరంగు కాగితమునుండి రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి ఎర్రని కాగితముపైనను, రెండవది ఆకుపచ్చ కాగితముపైనను ఉంచవలెను. మొదటిది ఇంచుక ఆకుపచ్చగను, రెండవది ఇంచుక ఎర్రగను తోచును. పైన పలుచని తెల్లకాగితము కప్పినచో ఈ భేదము మరింత తేటపడును. ముందుగా చెప్పి చూపుటకంటె, చూపి అడుగుట మేలు.

ఎదురురంగులు ఒకదానినొకటి రెచ్చగొట్టును. సమానముగా పరచినచో కలహించును. ఒకటి విస్తారముగా, రెండవది చిటికెడుగా ఉన్నచో పటమునకు ప్రాణము వచ్చును. ఇరుగుపొరుగు రంగులకు ఈ చిక్కు తక్కువ. తెలుగువాడు పసుపును, ఆకురంగును రెంటిని పచ్చలే యని పిలుచుచున్నాడు. వాని చుట్టరికమును భాష ఏనాడో గుర్తించినది కాబోలు!

తక్కువ రంగులతో ఎంత సాధింపవచ్చునో చూడగోరువారికి లేపాక్షి కలదు. 16వ శతాబ్దమున విజయనగర కాలపు చిత్రకారులు అచటి వీరభద్రాలయపు కప్పులపై వ్రాసిన బొమ్మలలో కావి, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ ఛాయలే ప్రధానములు. నీలము దాదాపు మృగ్యము. అయినను చీరల అంచులను, జరీ పనిని చూచుచు నిలిచినవానికి నీలము లేదే యని తోచదు. ఆకృతుల చుట్టును తీర్చిన నల్లని రేఖ రంగునకును రంగునకును నడుమ గట్టువలె నిలిచి, ఒకదాని మడిలోనికి మరియొకటి పొరలిరాకుండ కాచుచున్నది.

నేర్చుకొనువాడు ఒక నెల దినములు తొమ్మిది బిళ్ళలను మూసియుంచి, కావి, పసుపు, నలుపు మూటితోనే వ్రాసి చూడవచ్చును. కాగితపు తెలుపు నాల్గవది. పసుపులో నలుపు కలిసినప్పుడు పుట్టెడి మాగిన ఆకుపచ్చను చూచి అతడు మొదట ఆశ్చర్యపడును. పిదప నలుపును నీటితో పలుచన చేసి, కావిరంగు పెంకుటిండ్ల వెనుక ఆకసముగా పూసినప్పుడు మరియొక వింత కనబడును. పెట్టెలోని నీలిబిళ్ళ తడియకుండగనే ఆ బూడిదరంగు నీలముగా తోచును.