దవడకు కాలి ఎముక: అపోహలు – వాస్తవాలు

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వడాన్ని మన పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అంటారు. అది అయిపోయిన ఏడాదికో, పదేళ్లకో కూడా కొందరికి కింది దవడలో చిగురు విడిపోయి ఎముక బయటపడుతుంది. నాలుకకు గరుకుగా తగులుతుంది. ముదిరితే చెంప కింద చిల్లు పడి, తాగిన మజ్జిగ అందులోంచి కారుతుంది.

అపోహ: క్యాన్సర్ తిరగబెట్టింది.
చాలాసార్లు కాదు. రేడియేషన్‌కు సన్నటి రక్తనాళాలు పూడుకుపోయి, నెత్తురు అందక ఎముక చచ్చిపోతుంది. క్యాన్సర్ కాదని తేల్చాల్సింది మాత్రం బయాప్సీయే. భయపడి ఇంట్లో కూర్చోవద్దు.

అపోహ: కదులుతున్న పన్ను పీకించేస్తే సరి.
ఈ జబ్బు మొదలవడానికి పెద్ద కారణాల్లో అదొకటి! పాడైన పళ్లు రేడియేషన్‌కు రెండు మూడు వారాల ముందే తీయించుకోవాలి. తర్వాతైతే, ఎన్నేళ్లయినా సరే, ‘నాకు కరెంటు పెట్టారు’ అని పళ్ల డాక్టరుకు మొదటే చెప్పండి.

అపోహ: ప్లేటు బిగిస్తే చాలు, ఫ్లాప్ ఎందుకు?
చిన్న పుండుకు శుభ్రం చేయడం, మందులు సరిపోవచ్చు. దవడ విరిగినా, చెంపకు చిల్లు పడినా అవి చాలవు. ఎండిన నేలలో ఏది నాటినా బతకదు కదా. అందుకే మొక్కను మట్టిపెళ్లతో పెకలించినట్లు, పిక్క పక్కనుండే సన్నటి ఫిబులా ఎముకను దాని రక్తనాళాలతో, పైచర్మంతో సహా తీస్తారు. దీన్నే ఫ్లాప్ అంటారు. దవడ వంపుకు తగ్గట్టు కోసి అమర్చి, రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద మెడలోని నాళాలకు కుడతారు. 1989లో న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో దవడకు ఈ పద్ధతిని ప్రచురించారు. రేడియేషన్ తిన్న మెడలో పనికొచ్చే నాళం దొరకడమే అసలు కష్టం. పొగాకు మానకపోతే అది రెట్టింపు.

అపోహ: కాలు కుంటిదవుతుంది.
ఒంటి బరువు చాలావరకు మోసేది పక్కనున్న పెద్ద ఎముక. చీలమండ దగ్గర ఆరు సెంటీమీటర్లైనా ఫిబులాను వదిలేస్తారు. కొన్నాళ్లు బిగుతు, బొటనవేలి బలహీనత ఉండొచ్చు, నడక వస్తుంది.

ఆపరేషన్‌తో గండం గడిచినట్టేనని బంధువులు ఇళ్లకు బయల్దేరతారు. వార్డులో నర్సుకు అప్పుడే మొదలు. తొలి రెండు రోజులు గంటగంటకూ టార్చి వేసి ఫ్లాప్ రంగు చూస్తుంది, వేడి తాకి చూస్తుంది. సూదితో గుచ్చితే ఎర్రటి బొట్టు మెల్లగా రావాలి. నల్లగా ఉబికినా, అసలు రాకపోయినా అర్ధరాత్రయినా సర్జన్‌కు ఫోన్ వెళ్లాల్సిందే.