188 కిలోలు: కాంస్యమా, రజతమా?

2014 జులై 25న గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మహిళల 53 కిలోల విభాగం. మత్స సంతోషి స్నాచ్‌లో 83, క్లీన్ అండ్ జెర్క్‌లో 105, మొత్తం 188 కిలోలు ఎత్తింది. మూడో స్థానం, కాంస్యం. మర్నాడు పత్రికలన్నీ అలాగే రాశాయి. ఆ రోజుకి అది నిజమే. నైజీరియాకు చెందిన 16 ఏళ్ల చికా అమలాహా 196 కిలోలతో మొదటి స్థానంలో, పాపువా న్యూగినీ లిఫ్టర్ డికా టౌవా 193 కిలోలతో రెండో స్థానంలో నిలిచారు. ఆ క్రీడలు ముగియకముందే అమలాహా డోప్ పరీక్షలో పట్టుబడింది. ఆమె పతకం వెనక్కి తీసుకున్నారు. స్వర్ణం టౌవాకు, రజతం సంతోషికి దక్కాయి. 183 కిలోలతో నాలుగో స్థానంలో ఉన్న మన దేశపు స్వాతి సింగ్ కాంస్యం అందుకుంది.

188 అన్న అంకె మారలేదు. దాని పక్కనున్న మాట మారింది.

సంతోషిది కొండవెలగాడ, నెల్లిమర్ల మండలం. నెల్లిమర్ల అనగానే బయటివాళ్లకు జూట్ మిల్లు, రామతీర్థం, చంపావతి నది గుర్తొస్తాయి. విజయనగరం జిల్లా వాళ్లకు కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్లు కూడా గుర్తొస్తారు. ఆ ఊళ్లో బరువులెత్తడం పెద్దవాళ్ల నుంచి పిల్లలకు అందుతూ వస్తున్న విద్య. పతకం వస్తే రైల్వేలోనో, పోలీసు శాఖలోనో, సైన్యంలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ దానికి తోడు. అలాంటి ఊరికి కాంస్యమా, రజతమా అన్న తేడాను అచ్చుతప్పు కింద కొట్టిపారేయలేం.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, క్రీడావార్తలు రాసే పనిలోకి కృత్రిమ మేధ వచ్చింది. అది నేర్చుకునేది పాత రాతల నుంచే. పతకం వచ్చిన రోజు పుట్టే వార్తలు ఎక్కువ, ఆ తరవాత వచ్చే సవరణ వార్తలు తక్కువ. ఎక్కువసార్లు కనిపించిన మాట వైపు మొగ్గే యంత్రానికి ఇది పెద్ద ఉచ్చు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి విషయమూ ఇలాంటిదే. 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆమె 12.91 సెకన్లతో మూడో స్థానంలో గీత దాటింది. ముందే పరుగందుకున్నందుకు చైనా క్రీడాకారిణి వు యాన్నీని అనర్హురాలిగా ప్రకటించాక, జ్యోతికి రజతం వచ్చింది. తొమ్మిదేళ్ల తేడాలో ఉత్తరాంధ్ర అమ్మాయిలిద్దరికి ఒకే రకం సవరణ జరిగింది.

యంత్రం ఆటల వార్తలు రాయడం నిన్నమొన్నటి ముచ్చట కాదు. అమెరికాలోని అసోసియేటెడ్ ప్రెస్ 2014లోనే కంపెనీల లాభనష్టాల వార్తలను యంత్రానికి అప్పజెప్పింది. మనుషులు రాసినప్పుడు మూడు నెలలకు 300 వచ్చేవి, యంత్రంతో 3,000 దాటాయి. 2016లో అదే పద్ధతిని చిన్న లీగుల బేస్‌బాల్‌కు తెచ్చింది. 13 లీగులు, 142 జట్లు, ఏడాదికి 10,000కు పైగా మ్యాచ్‌లు. సీజన్ ఐదున్నర నెలలనుకుంటే రోజుకు 60 మ్యాచ్‌లు. అన్నింటికీ విలేకరిని పంపడం ఏ సంస్థకూ సాధ్యం కాదు. ఆ ఏడాదే వాషింగ్టన్ పోస్ట్ తన హీలియోగ్రాఫ్ అనే సాఫ్ట్‌వేర్‌తో రియో ఒలింపిక్స్ మీద దాదాపు 300 చిన్న వార్తలు ఇచ్చింది.

వీటిలో మాయేమీ లేదు. బళ్లో పిల్లలు ఖాళీలు పూరించినట్టే. వాక్యం ముందే సిద్ధంగా ఉంటుంది. పేరు, జట్టు, స్కోరు వచ్చి అందులో కూర్చుంటాయి. ఆ లెక్కన చూస్తే వెయిట్‌లిఫ్టింగ్ యంత్రానికి అతికినట్టు సరిపోయే ఆట. ఒక్కో లిఫ్టర్‌కు స్నాచ్‌లో 3, క్లీన్ అండ్ జెర్క్‌లో 3, మొత్తం 6 ప్రయత్నాలు. ప్రతిసారీ ముగ్గురు రిఫరీలు లైట్లు వేస్తారు. కనీసం రెండు తెల్లవి వెలిగితే లిఫ్ట్ ఒప్పు. పదిమంది పోటీపడితే 60 ప్రయత్నాలు, 180 లైట్లు. స్కోరు షీటు చేతిలో ఉంటే రెండు సెకన్లలో వార్త తయారు. ఇలాంటి చోట యంత్రాన్ని వాడుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. జిల్లా స్థాయి పోటీల్లో ఆరో స్థానం వచ్చిన పిల్ల పేరు కూడా అచ్చులో కనిపిస్తుంది. ఇప్పుడు మొదటి ముగ్గురి పేర్లకే చోటు చాలడం లేదు.

షీటులో ఒక గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో 2023 ఆగస్టులో తెలిసింది. అమెరికాలో పెద్ద పత్రికల గొలుసు గానెట్, బడి పిల్లల ఆటల వార్తలను లీడ్‌ఏఐ అనే సేవతో రాయించింది. ఆ గొలుసులోని కొలంబస్ డిస్పాచ్‌లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ వార్త వచ్చింది. స్కోరు 2-1 అని సరిగ్గానే ఉంది. జట్ల ముద్దుపేర్లు ఉండాల్సిన చోట మాత్రం ‘గెలిచిన జట్టు’, ‘ఓడిన జట్టు’ అని సూచించే కంప్యూటర్ గుర్తులు అలాగే మిగిలిపోయాయి. విమర్శలు రాగానే గానెట్ ఆ ప్రయోగాన్ని నిలిపేసింది.

నన్నడిగితే అది మేలైన తప్పు. ఖాళీ ఖాళీగానే కనబడింది, చదివినవాడు పట్టుకోగలిగాడు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఆ సౌకర్యం పోతోంది. ఈ కొత్త రకం యంత్రం ఒక మాట తరవాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి వాక్యం అల్లుతుంది. సమాచారం లేని చోట తడబడాల్సింది పోయి, పోలికగా ఉన్నదేదో తెచ్చి నింపేస్తుంది. నెల్లిమర్లలో జరిగిన పోటీల గురించి రాయమని, వివరాలేమీ ఇవ్వకుండా అడిగితే, ప్రేక్షకుల చప్పట్లు, కోచ్ కళ్లలో నీళ్లు, ముఖ్య అతిథి ప్రసంగం అన్నీ రాసిపెట్టగలదు. అవి జరిగి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. వాక్యం మాత్రం నున్నగా ఉంటుంది, వేలు పెట్టి చూపడానికి ఖాళీ కనబడదు.

ఈ నింపుడు ఎంతదూరం పోగలదో జర్మనీ వారపత్రిక డీ అక్టుయెల్ చూపించింది. 2013 డిసెంబరులో మంచు కొండల్లో తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి బయటి ప్రపంచానికి కనిపించని ఫార్ములా వన్ వీరుడు మైఖేల్ షూమాకర్ ‘ఇంటర్వ్యూ’ను 2023 ఏప్రిల్‌లో అచ్చేసింది. జవాబులన్నీ యంత్రం అల్లినవి. సంపాదకురాలి ఉద్యోగం పోయింది. కుటుంబానికి 2 లక్షల యూరోల పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. గాయపడ్డ మనిషి నోట అతను అనని మాటలు పెట్టడాన్ని క్రూరత్వమనే అంటాను.

అదే ఏడాది నవంబరులో, 1954 నుంచి నడుస్తున్న స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ వంతు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆట సామాన్ల సమీక్షలు రాసిన కొందరు రచయితలు అసలు లేనేలేరని, వాళ్ల ఫొటోలు కూడా యంత్రం గీసినవేనని ఫ్యూచరిజం అనే సైట్ బయటపెట్టింది. వ్యాసాలు మనుషులే రాశారని వాటిని సరఫరా చేసిన కంపెనీ వాదించింది. ఆ పేజీలు మాత్రం మాయమయ్యాయి.

అంకెలన్నీ సరిగ్గా ఉండి కూడా వార్త తప్పిపోవచ్చు. 2024 సెప్టెంబరు 8న అమెరికా మహిళల ఫుట్‌బాల్ తార అలెక్స్ మోర్గాన్ చివరి మ్యాచ్ ఆడింది. ఆమె జట్టు శాన్ డియాగో వేవ్ 4-1తో ఓడింది. ఈఎస్‌పీఎన్ కోసం యంత్రం రాసిన మ్యాచ్ వార్తలో మోర్గాన్ వీడ్కోలు ప్రస్తావనే లేదు. స్కోరు షీటులో వీడ్కోలుకు గడి ఉండదు మరి.

మన విజయనగరానికే వద్దాం. ఇక్కడి రాజకుమారుడు విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. 3 టెస్టులు, 33 పరుగులు, సగటు 8.25. సిరీస్ 2-0తో పోయింది. యంత్రానికి ఇవి చాలు. ఆ పర్యటన కథ మాత్రం ఈ అంకెల్లో దొరకదు. మొదటి టెస్టు కూడా ఆడకముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు. ఆడని మనిషికి స్కోరు కార్డులో చోటు లేదు.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 2000 సెప్టెంబరు 19న. 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240. మొదటి రెండు స్థానాల వాళ్లవి చెరి 242.5. తక్కువ శరీర బరువు ఉన్నందుకు చైనా లిఫ్టర్ లిన్ వెయినింగ్‌కు స్వర్ణం వచ్చింది. చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 130 నుంచి ఒక్కసారిగా 137.5కు వెళ్లింది. లేవలేదు. ‘మూడో ప్రయత్నం విఫలం’ అని యంత్రం రాస్తుంది, అది నిజమే. ఏడున్నర కిలోల దూకుడు ఎందుకు, ఆ నిర్ణయం ఎవరిది అని అడగాల్సింది విలేకరి. లేచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, స్వర్ణం వచ్చేది. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ ఒక పేజీ రాయవచ్చు.

తెలుగులో ఈ యంత్రాలకు ఉన్న చిక్కులు వేరు. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరం ఒక బైట్ పడితే, తెలుగు లిపిలో ప్రతి గుర్తూ, అంటే అక్షరమైనా గుడి అయినా కొమ్ము అయినా, 3 బైట్లు పడుతుంది. ‘కొండవెలగాడ’ ఇంగ్లీషులో 13 బైట్లు, తెలుగులో 30. అయినా అది పెద్ద చిక్కు కాదు, యంత్రాల బలం పెరిగేకొద్దీ తగ్గుతుంది. పేర్ల దగ్గర వచ్చే చిక్కు గట్టిది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, బయటివాళ్లు వెనక రాస్తారు. ఇంగ్లీషులో ‘సంతోషి’కి హెచ్ ఉన్న స్పెల్లింగు ఒకటి, లేనిది ఒకటి. రెండు వరసలు, రెండు స్పెల్లింగులు కలిస్తే ఒకే అమ్మాయి నాలుగు పేర్లతో తేలుతుంది. విజయనగరాన్ని హంపీ విజయనగరంతో కలిపేయడం మనుషులే చేస్తున్న తప్పు. పైగా 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం అప్పటిదాకా శ్రీకాకుళం జిల్లా, ఆనాటి నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. పాత రాతలన్నీ శ్రీకాకుళం అనే అంటాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్లు. ఇంతమంది ఉన్నా, మన జిల్లాల ఆటల సమాచారం యంత్రం చదవగలిగే రూపంలో చాలా తక్కువ. జిల్లా పేజీలో వచ్చిన వార్త ఆ రోజుతో సరి. పోటీల స్కోరు షీటు నిర్వాహకుల ఫైల్లోనే ఉండిపోతుంది. బేస్‌బాల్‌లో 10,000 మ్యాచ్‌ల వార్తలు వచ్చాయంటే, ప్రతి మైదానంలో ఒక మనిషి కూర్చుని ప్రతి బంతినీ నమోదు చేశాడు కాబట్టి. యంత్రానికి ముందు ఆ మనిషి ఉన్నాడు. మన దగ్గర లేనిది అతనే. లైన్ల లెక్కన డబ్బు తీసుకునే గ్రామీణ విలేకరి ఇప్పటిదాకా ఆ పని సగం చేస్తున్నాడు. యంత్రం వచ్చిందని అతన్ని తీసేస్తే, నెల్లిమర్ల ఆటల గురించి యంత్రానికి చెప్పేవాళ్లే ఉండరు. అప్పుడు అది ఊహించి రాస్తుంది. పత్రికల యాజమాన్యాలు ఈ సంగతి గట్టిగా ఆలోచించాలి.

జిల్లా క్రీడా సంఘాలకు ఒక విన్నపం. పోటీలు ముగిసిన రోజే పూర్తి స్కోరు షీటును, ఆరు ప్రయత్నాలతో సహా, పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అందరికీ కనబడే చోట పెట్టండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తే చాలదు, టైపు చేసి పెట్టాలి. పత్రికల వాళ్లకు ఇంకొకటి. యంత్రం రాసిన వార్తయితే అలా అని రాయండి, సరిచూసిన మనిషి పేరు కింద వేయండి.

పాఠకులు చేయగలిగిన పనీ ఉంది. వెయిట్‌లిఫ్టింగ్ వార్త చూసినప్పుడు రెండు అంకెలు కూడి మొత్తంతో పోల్చండి. 83, 105 కలిస్తే 188 రావాలి. 2005కు ముందు పోటీల్లో బరువులు రెండున్నర కిలోల మెట్లలోనే పెరిగేవి. సిడ్నీలో మల్లీశ్వరి 241 ఎత్తిందని ఎక్కడైనా కనిపిస్తే అది తప్పని కూర్చున్న చోటే చెప్పేయవచ్చు. పతకం రంగు కోసం మాత్రం పోటీ జరిగిన రోజు వార్తతో ఆగకండి, ఆ తరవాతి తేదీల వార్తలు కూడా చూడండి.

గ్లాస్గో 2014, 53 కిలోల విభాగం, 188 కిలోలు: మత్స సంతోషికి రజతం. ఎక్కడైనా, ఎవరు రాసినదైనా, కాంస్యం అని కనిపిస్తే దిద్దమని వాళ్లకు రాయండి.