కారు పొట్ట కింద

కోనసీమలో కాలవగట్టు మీద కారు తోలినవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. ముందు చక్రాలు స్పీడ్‌బ్రేకర్ దాటాయనుకునే లోపు అడుగున 'గర్ర్'మంటుంది. కంపెనీ కారుకే అంత భయమైతే, చేత్తో కట్టుకున్న కారు మాటేమిటి?

అలాంటి కార్లు మనకు అరుదే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది తయారీదారు నమూనా బండిని పరీక్షకు పెట్టాలంటుంది. ఒక్క కారు కట్టుకునే మనిషికి అది తలకు మించిన పని. అయినా హైదరాబాద్ బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం చూస్తే, అక్కడి కార్లు కట్టిన కె. సుధాకర్ చేతి పనితనానికి ముచ్చటేస్తుంది. ఇంజనీరింగ్ విద్యార్థులు బాజా పోటీకి ఒంటి సీటు బగ్గీలు కడుతున్నారు. బ్రిటన్‌లోనైతే 1957 నాటి లోటస్ సెవెన్‌ను విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునేవారు. పూర్తి కారు మీద పడే కొనుగోలు పన్ను అలా తప్పేది.

నేలబారుగా ఉండే అలాంటి కారు మన రోడ్డెక్కితే? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. లోటస్ సెవెన్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం సుమారు 2.24 మీటర్లు. ఆ దూరపు వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే 3.7 సెం.మీ. వస్తుంది. చక్రాలన్నీ ఆ మిట్ట మీదే ఉన్నప్పుడు పొట్టలోకి పొడుచుకొచ్చేది అంతే. అదే ఇంటి ముందు పోసుకున్న దిమ్మ అడుగు వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు ఉందనుకోండి. ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల చదును నేల మీద నిలుస్తాయి, మొత్తం 15 సెం.మీ. పొట్టకే తగులుతుంది. దిమ్మ ఎత్తు కన్నా ఇరుకుతనమే ఎక్కువ చేటు చేస్తుంది. దానికి తోడు ట్రాక్టర్ల చక్రాల గాడుల మధ్య తేలిన మిట్టలు, ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టి మరిచిన రాళ్లు.

ముందు దెబ్బ తినేది ఇంజన్ ఆయిల్ తొట్టి. మెకానిక్కుల మాటలో చాంబర్. పోత అల్యూమినియందైతే పగులుతుంది, ఆయిల్ కారుతుంది, కంటికి కనబడుతుంది. ఉక్కు రేకుదైతే సొట్టపడి ఊరుకుంటుంది. నాకు సొట్టంటేనే ఎక్కువ భయం. ఆయిల్ పీల్చే గొట్టం మూతి చాంబర్ అడుగుకు చాలా దగ్గరగా ఉంటుంది. సొట్ట దాన్ని మూసేస్తే ఒక్క చుక్కా కారకుండానే బేరింగులు ఎండిపోయి ఇంజన్ పట్టేస్తుంది.

అందుకే కింద రేకు బిగిస్తారు. ఆ రేకు పని దెబ్బను ఆపడం కాదు, జార్చడం. దాని ముందంచు గోదారి నావ ముక్కులా పైకి వంగి ఉండాలి. బోల్టుల తలలు రేకులోకి దిగిపోవాలి, లేదంటే రాయి వాటినే పట్టుకుంటుంది. రేకును చట్రానికే బిగించాలి. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది కాబట్టి చాంబర్‌కూ రేకుకూ మధ్య కొంత ఖాళీ వదలాలి.

ఏ లోహం? 3 మి.మీ. ఉక్కు చదరపు మీటరుకు సుమారు 23.5 కిలోలు, 5 మి.మీ. అల్యూమినియం 13.5 కిలోలు. రేకు బిగువు మందం ఘనంతో పెరుగుతుంది కనుక, తేలికైన ఆ అల్యూమినియమే ఒకటిన్నర రెట్లకు పైగా బిగువు. కాకపోతే రాపిడికి తొందరగా గీరుకుపోతుంది.

డెల్టాలో ఇంకో చిక్కుంది. రేకు పైన చేరిన ఒండ్రు తడిని పట్టి ఉంచి చట్రాన్ని తుప్పు పట్టిస్తుంది. నీరు కారే రంధ్రాలు, వెనక గాలి పోయే దారి తప్పనిసరి. సైలెన్సర్ గొట్టం దగ్గర గడ్డి ఇరుక్కుంటే నిప్పంటుకోవచ్చు, కోతల రోజుల్లో వంగి చూసుకోవాలి. బ్రేకు, పెట్రోలు గొట్టాలను చట్రం కమ్మీల చాటున, పైకి ఎత్తి కట్టాలి.

కట్టడం మొదలుపెట్టే ముందే మీ వీధి దిమ్మ ఎత్తుకు ఒక చెక్కముక్క కోసుకోండి. ఇంజన్, సీట్లు పెట్టాక ఇద్దరిని కూర్చోబెట్టి, ట్యాంకు నింపి, పొట్ట కింద ఆ చెక్కను జరపండి. అది దూరకపోతే రేకు మాట తరవాత, ముందు ఇంజన్‌నే పైకెత్తాలి.